మూతకంటిన వెన్న

బండమీదపల్లె బయ్యమ్మకు కోపం వస్తే గాడిదమెట్ల మీది రాళ్ళు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవని చౌడేపల్లె చుట్టుపక్కల చెప్పుకునేవారు. అది అబద్ధం. రాళ్ళు జరిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఒక్క రాయీ జరగలేదు గనకనే, రెండువేల మూడో సంవత్సరంలో ఆమె మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళూ తిరిగి, అత్తను తాకట్టు పెట్టి మరీ ఒక సైకిలు కొనవలసి వచ్చింది.

బయ్యమ్మ పుట్టిల్లు పెద్దమండ్యం పక్కన మెట్టపల్లె. అక్కడ వాన పడిన సంవత్సరాలను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలేవి. వాళ్ళ నాన్న వేరుశనగ విత్తనం కొనేముందు ప్రతి బస్తాలోంచీ గుప్పెడు తీసి, తడిగుడ్డలో మూటకట్టి, మూడోనాడు మొలక చూసి గానీ బేరం తెంచేవాడు కాదు. ఆ గుణం కూతురికి ఉగ్గుపాలతో వచ్చింది. ఊపి నీళ్ళ చప్పుడు వినకుండా టెంకాయ కొనేది కాదు. చెవి దగ్గర తట్టి చూడకుండా కుండ కొనేది కాదు. పెండ్లిచూపులకు వచ్చిన దేవరాజులును కూడా, "పాట పాడాల్సింది నేను కాదు, ముందు ఆయప్పను రెండు బిందెలు నీళ్ళు తోడమనండి" అన్నదట. ఆయన తోడాడు. పెండ్లయింది. ఆ తరువాత ఇరవై ఏండ్లు తోడుతూనే ఉన్నాడు.

సీటు అందని వయసులోనే, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నాన్న సైకిలు తొక్కింది బయ్యమ్మ. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. బండమీదపల్లెలో పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళకూ పాడి ఉంది. ఒక ప్రైవేటు డెయిరీ వాళ్ళ వ్యాను పొద్దున్నే కొండెక్కి వచ్చి పాలు పట్టుకుపోయేది. రెండువేల ఒకటిలో పడ్డ వానకు రోడ్డు కొట్టుకుపోయింది. వ్యాను రావడం మానేసింది. మిగిలింది ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు మోసిన పాత దారి. దాని పేరే గాడిదమెట్లు. నాలుగు మైళ్ళు, అన్నీ బండరాళ్ళే. ఆ దారిన నడిచిన గాడిదలు ఊరు చేరేసరికి మేకలంత అయ్యేవని పెద్దవాళ్ళు అంటారు. కింద పుంగనూరు రోడ్డు మీద పాల సెంటరు. ఏడుగంటల లోపల పాలు అక్కడికి చేరాలి.

మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగా బయ్యమ్మే ముందుకు వచ్చింది. దేవరాజులు పాత సైకిలుకు రెండు వైపులా రెండు క్యాన్లు కట్టి, పదకొండు ఇళ్ళ పాలూ తనే దించడం మొదలుపెట్టింది.

మొదటి వారంలోనే గొడవ మొదలయింది. వ్యాను రోజుల్లో నాలుగున్నర చూపించిన వెన్నశాతం మూడుకు దిగింది. సెంటరులో కొలత చూసే నరేంద్ర ముప్పై ఏండ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"ఏమ్మా, పైన వెన్న తీసేసి కింద పాలు మాకు పోస్తాండావా?" అన్నాడు, అందరూ వింటుండగా.

"నోరు జాగ్రత్తప్పా. పితికిన పాలు పితికినట్టే తెస్తాండాను."

"అట్టయితే వెన్న యాడికి పోయె? రెక్కలొచ్చి ఎగిరిపోయెనా?"

ఎగిరిపోలేదు. క్యాను మూత తిప్పి చూస్తే అక్కడే ఉంది, లోపలి అంచు చుట్టూ పసుపుపచ్చని పలుకులు. ఆ రాళ్ళ మీద క్యాన్లు ఎగిరెగిరి పడి, దారిలోనే పాలు చిలికినట్టయి, వెన్న మూతకు అంటుకుంటోంది. వెన్నశాతం కొలిచే మిషనులో పోసే పాలలో అది ఉండదు. బయ్యమ్మ మూత తెచ్చి నరేంద్ర ముక్కు కింద పెట్టింది.

"సూడు. వెన్న ఈడుండాది."

"అంటే చిలికినావని నువ్వే ఒప్పుకుంటాండావు గదమ్మా!" అన్నాడు నరేంద్ర. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు నవ్వారు.

ఆ రోజు ఆమె కొండెక్కుతూ తిట్టిన తిట్లకు దారి పక్క సీతాఫలాలు రెండు నెలలు ముందుగానే పండాయని చెబుతారు. అది కూడా నమ్మనక్కరలేదు. కానీ పల్లెలో జరిగింది మాత్రం నిజం. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఎదుట ఏమీ అనలేదు. పాలు పోసేటప్పుడు మాత్రం చెంబులోకి ఒకసారి, బయ్యమ్మ ముఖంలోకి ఒకసారి చూడసాగారు. అందరిలోకి పెద్దవాడు గోవిందప్ప పొలం గట్టు మీద దేవరాజులును ఆపి, "మీ ఇంట్లో ఈ మధ్య నెయ్యి వాసన బాగుంటాండాదే" అని నవ్వాడు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పిన దేవరాజులు ఆ పూట అన్నం తినలేదు. వడ్డించాల్సిన మనిషి ఆ కోపంలో వంటింటి వైపే పోలేదు మరి.

బయ్యమ్మ చేయని ప్రయత్నం లేదు. క్యానులో వరిగడ్డి వేస్తే చెత్తపాలని తిప్పి పంపారు. నిండు క్యాను తక్కువ చిలుకుతుందని ఒకటి నింపి ఒకటి సగం పెడితే సైకిలు ఒక పక్కకు ఒరిగి ఆమెను ముళ్ళకంపలో పారేసింది. నడిపించుకుని పోతే ఎనిమిదయి సెంటరు మూసేసేవాళ్ళు. పద్నాలుగు నెలలు అట్లాగే గడిచాయి. పద్నాలుగు నెలలూ ఆమె పేరు సెంటరులో "వెన్నమ్మ".

ఒక ఆదివారం, బెంగళూరు నుంచి హార్సిలీ కొండకు వచ్చిన నలుగురు, చిత్రమైన సైకిళ్ళ మీద గాడిదమెట్లు దిగుతూ కనిపించారు. టైర్లు మనిషి చేయంత లావు. ముందు చక్రం రాయిని గుద్దగానే, దాన్ని పట్టుకున్న రెండు గొట్టాలు మోకాళ్ళలా లోపలికి కుంగి, మళ్ళీ లేచాయి. నీళ్ళు అడగడానికి ఆగినప్పుడు బయ్యమ్మ చెంబు ఇచ్చి, ఆ గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

"ఇదేం సైకిలప్పా?"

"మౌంటెన్ బైకమ్మా. కొండదారికి."

"దీని మీద పాలు పెడితే చిలుకుతాయా?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకాయన మాత్రం కన్నడ యాసలో మర్యాదగా చెప్పాడు: "నాకు తెలీదమ్మా. కొనేదుంటే మాత్రం నీ దారి లాంటి దారిలో తొక్కి చూడకుండా కొనొద్దు."

ఆ మాట బయ్యమ్మకు నాన్న చెప్పినట్టు వినిపించింది. రెండు పొట్టేళ్ళను అమ్మింది. క్యాను చేత పట్టుకుని మదనపల్లె బస్సు ఎక్కింది.

మదనపల్లెలో పెద్ద సైకిళ్ళ అంగడి. యజమాని నుదుట విభూతి, చేతిలో అగరుబత్తి. ఆమెను చూడగానే బుట్ట ఉన్న ఆడవాళ్ళ సైకిలు చూపించాడు. బయ్యమ్మ గోడకు వేలాడుతున్న లావు టైర్ల దాన్ని చూపించింది.

"అది మొగపిల్లోళ్ళదమ్మా."

"నా పాలకు మొగా ఆడా తేడా తెలవదప్పా. దాన్ని దించు, తొక్కి సూస్తా."

ఆయన అగరుబత్తి కిందకు దించాడు. "తొక్కి సూసేదా? యాడన్నా ఉండాదామ్మా? పూజ సేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి నలిపితే గానీ కొత్త బండి నేల తాకకూడదు. నువ్వు ఎక్కి దిగితే అది పాతదైపోయె. మళ్ళీ ఎవురు కొంటారు?"

"చీర భుజాన ఏసి చూపిస్తారే, అది పాతదైపోతాదా?"

"చీర వేరు."

"చెప్పులు కాలికేసి చూపిస్తారే? ఆ చెప్పులకు నిమ్మకాయ పెట్టినారా? కొన్నాక అది నా పాలు చిలికితే, నీ నిమ్మకాయ పిండుకొని మజ్జిగ తాగమంటావా?"

అంగట్లో ఉన్న ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. బయ్యమ్మ క్యాను చేతికి తగిలించుకుని బయటపడింది.

వారం తరువాత పుంగనూరు. అక్కడి అంగడివాడు మెత్తనివాడు. సైకిలు స్టాండు వేసి, పెడలు చేత్తో తిప్పి, వెనక చక్రం గిర్రున తిరుగుతుంటే, "సూడమ్మా, ఎంత నున్నంగా పోతాండాదో!" అన్నాడు.

"యాడికి పోతాండాదప్పా? ఉన్న చోటే ఉండాది గదా. నా పాలు గాల్లో పోవు, రాళ్ళ మీద పోతాయి."

"అట్టయితే ఇంట్లో మొగోళ్ళను పిల్సకరామ్మా, మాట్లాడతాను."

అంతే. ఆ మాటకు బయ్యమ్మ కండ్లు ఎట్లా ఎర్రబడ్డాయంటే, ఎదురుగా రోడ్డు మీద ఆర్టీసీ బస్సు డ్రైవరు సిగ్నలనుకుని బ్రేకు వేశాడట. పుంగనూరులో సిగ్నల్ లేదన్నది వేరే సంగతి.

"మా ఇంటి మొగోడు ఆవు కింద కూర్చోనుండాడు. ఆయప్పకు సైకిలు కావాలంటే ఆయప్పే వస్తాడు. తొక్కేది నేను. పడేది నేను. దొంగదాన్ని అనిపించుకునేది నేను. మాట్లాడేదానికి మాత్రం మొగోడు కావాల్నా?"

మిగిలింది కుప్పం. రైలు స్టేషను పక్కన శివకుమార్ అనే అతను బెంగళూరు నుంచి గేరు సైకిళ్ళు తెచ్చి, తనే బిగించి అమ్ముతాడని బస్సులో ఎవరో చెప్పారు. ఈసారి అత్త పార్వతమ్మ, "నేనూ వస్తా, నువ్వు ఎవుర్నన్నా కొడితే విడిపించేదానికి మనిషుండల్ల" అని బయలుదేరింది. పలమనేరులో బస్సు మారి, పది గంటలకు కుప్పంలో దిగారు.

శివకుమార్ చేతులకు గ్రీజు. నుదుట ఏమీ లేదు. బయ్యమ్మ అడిగింది విని తల గోక్కున్నాడు.

"తొక్కి సూడమ్మా, తప్పు లేదు. అయితే నువ్వు ఎవురో నాకు తెలీదు. ఎత్తుకొని పోతే? ఏమన్నా పెట్టి పో."

"ఏం పెట్టమంటావు? మా అత్తను పెట్టి పోతా."

శివకుమార్ పార్వతమ్మను ఎగాదిగా చూశాడు. "అత్తను పెట్టి పోతే కోడలు తిరిగొస్తాదని ఏం నమ్మకమమ్మా?"

పార్వతమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "వస్తాదిలేప్పా. ఇంటి తాళంచెవి నా కొంగున ఉండాది."

బేరం కుదిరింది. వీధిలో పాలమ్మే మునిలక్ష్మి దగ్గర అప్పుడే పితికిన పాలు తీసుకుని, చిన్న క్యానులో ముప్పాతిక వంతు పోసి, శివకుమార్ బిగించిన ఇనుప క్యారియరుకు కట్టింది బయ్యమ్మ. ఊరి బయట గ్రానైటు క్వారీ దారి ఉంది. గాడిదమెట్లకు తోబుట్టువు లాంటి దారి.

మొదట ఎర్రదాన్ని ఎక్కింది. ముందూ వెనకా రెండు చోట్లా స్ప్రింగులు. అంగట్లో అన్నిటికన్నా ఖరీదైంది. ముప్పావుగంటకు తిరిగి వచ్చి, మూత తీసి శివకుమార్‌కు చూపించింది. రేగుపండంత వెన్న.

"అదెట్టమ్మా! ఇదే మంచిది."

"మంచిదే, చిలికేదానికి. పైకీ కిందకీ ఊయల ఊగినట్టు ఊగుతానే ఉండాది. ఇంటికి పోతే దీన్ని కవ్వం బదులు పెట్టుకోవచ్చు. ఆ బూడిదరంగుది ఇయ్యి."

బూడిదరంగు దానికి ముందు మాత్రమే స్ప్రింగు. మునిలక్ష్మి దగ్గర మళ్ళీ కొత్త పాలు. మళ్ళీ క్వారీ. దిగుడులో బ్రేకు పట్టి చూసింది, మలుపులో కాలు ఆనించకుండా తిప్పి చూసింది, గేరు మార్చి ఎత్తు ఎక్కి చూసింది. మూతకు ఆవగింజలంత పలుకులు నాలుగు. బయ్యమ్మ సైకిలు పక్కనే గొంతుక్కూర్చుని టైరును బొటనవేలితో నొక్కింది. టైరు రాయిలా ఉంది. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండిలో కూర్చుంటే నడుము విరుగుతుంది, రబ్బరు టైర్ల ట్రాక్టరు మీద విరగదు అన్నది గుర్తుకొచ్చింది. రెండు టైర్లలోంచీ గాలి కొంచెం కొంచెం వదిలింది. మూడోసారి పాలు పోయించుకుంది.

"ఏం పరీక్షమ్మా ఇది, నా గిరాకీ అంతా నువ్వేనా?" అని మునిలక్ష్మి నవ్వింది.

మూడోసారి మూత కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆమె అంగడికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. శివకుమార్ తల పట్టుకుని ఉన్నాడు. పార్వతమ్మ నాలుగు గంటలుగా స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ, "తొక్కి సూసినావా నాయనా? సూడకుండా కొంటే నీ కర్మ" అని చెబుతూ ఉంది. అంగట్లో ఉన్న ఏడు సైకిళ్ళలో నాలుగు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

"అమ్మా, నీకు దండం పెడతా. సైకిలన్నా తీసుకో, లేకుంటే మీ అత్తనన్నా తీసుకపో" అన్నాడు శివకుమార్.

బయ్యమ్మ రెండూ తీసుకుంది.

మరునాడు పొద్దున్నే పదకొండు ఇళ్ళ పాలు కొత్త సైకిలు మీద దిగాయి. మూత శుభ్రం. మిషను నాలుగు పాయింటు నాలుగు చూపించింది. బయ్యమ్మ గుండె నిండింది. పద్నాలుగు నెలల మచ్చ తుడిచిపెట్టుకుపోయిందనుకుంది. నరేంద్ర ముసిముసిగా నవ్వి, వెనకవాళ్ళ వైపు తిరిగాడు.

"సూసినారా? దొంగతనం మానుకుంటే ఫ్యాటు ఎట్ట లేచిందో!"

బయ్యమ్మ తిట్టకుండానే క్యాన్లు కట్టుకుంది. ఆమె జన్మలో అది మొదటిసారి. దొంగ కాదని తెచ్చిన సాక్ష్యమే దొంగ అని చెప్పే సాక్ష్యమయింది.

కొండెక్కి వచ్చి పల్లెలో అందరినీ పిలిచి చెప్పింది. గోవిందప్ప మెల్లగా దగ్గాడు. "పోనీలే తల్లీ. అయిందేదో అయిపోయె. ఇన్నాళ్ళకన్నా బుద్ధి మారింది గదా. మేమెవ్వురం మనసులో పెట్టుకోలేదులే."

నరేంద్ర మాట చెంపదెబ్బ అయితే ఈ మాట కడుపులో గుద్దు. బయ్యమ్మ సైకిలు గోడకు ఆనించింది.

"రేపటినుంచి చుక్క పాలు కిందకు పోవు" అంది. "ఆ నరేంద్రప్ప ఈడికొచ్చి, మా పాత సైకిలు తొక్కి, పాలు దించి చూపించిన దినాన పోతాయి."

"పాలేం సేసేదమ్మా?" అన్నారు ఎవరో.

"చిలుక్కోండి. నేను దొంగతనంగా చేసిన పని, మీరు దొరమాదిరి చేయండి."

రెండు రోజులు పదకొండు ఇళ్ళలో కవ్వాలు ఆగలేదు. కుక్కలు కూడా మజ్జిగ వద్దని ముఖం తిప్పుకున్నాయి. కింద సెంటరులో పాలు తగ్గాయని పైవాళ్ళు నరేంద్రను అడిగారు. మూడోనాడు తెల్లవారుతూనే అతను ఇస్త్రీ చొక్కాతో, ఒగరుస్తూ, నడిచి కొండెక్కాడు.

అందరి ఎదుటా ఒకే గంగాళంలో పాలు కలిపింది బయ్యమ్మ. రెండు క్యాన్లలో సమంగా పోసింది. మూతల మీద గుడ్డ కట్టి, ముడి మీద గోవిందప్ప చేత సున్నం వేలిముద్ర వేయించింది. ఒకటి కొత్త సైకిలుకు, ఒకటి పాతదానికి. పాతదానికి నరేంద్ర. సాక్ష్యానికి వెనకాల నడిచి గోవిందప్ప.

"పాలే గదా, దీనికింత రచ్చ యాలమ్మా?" అన్నాడు నరేంద్ర ఎక్కుతూ.

మొదటి మెట్టుకే అతని పెన్ను ఒకటి ఎగిరిపోయింది. రెండో మలుపులో రెండోది. సగం దారిలో చెప్పు. అతని పళ్ళు కొట్టుకున్న చప్పుడుకు కిందన ఉన్న ఊరిలో ఎవరో తప్పెట్లు కొడుతున్నారనుకున్నారట. సెంటరు చేరేసరికి అతను సైకిలు దిగలేదు, సైకిలే అతన్ని దించింది. గోవిందప్ప వచ్చేదాకా బయ్యమ్మ ఎవరినీ క్యాన్లు ముట్టనివ్వలేదు. ఆయన వచ్చి ముద్ర చూసి తలూపాక, పాలు పోయడానికి వచ్చిన వాళ్ళందరి మధ్యా నరేంద్ర చేతనే మూతలు తీయించింది.

ఆమె మూత తెల్లగా ఉంది. అతని మూతకు నిమ్మకాయంత వెన్న.

మిషనులో పోశారు. ఆమెది నాలుగు పాయింటు నాలుగు. అతనిది మూడు.

"యాడ ఆగి చిలికినావప్పా?" అంది బయ్యమ్మ.

ఎవరూ నవ్వలేదు. నరేంద్ర తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా" అన్నాడు, తన చొక్కా గుండీతో చెప్పినట్టు.

"పద్నాలుగు నెలలు అందురూ ఇనేటట్టు అన్నావు. ఇప్పుడు గుండీకి చెప్తావేమి?"

అతను తలెత్తాడు. "ఆయమ్మ వెన్న తీయలేదు. నేనే తెలీకుండా అన్నాను" అని, రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడేటట్టు చెప్పాడు.

గోవిందప్ప కండువాతో ముఖం తుడుచుకుని ముందుకు వచ్చాడు. "నాకు ముందే తెలుసు తల్లీ. అందుకే మేమెవ్వురం నిన్ను ఒక్క మాట గూడా అనలేదు సూడు."

"అనింటే బాగుండు పెద్దాయనా, బదులు చెప్పుకుందును. మీరు అనలేదు, మన్నించినారు. సేయని తప్పును మన్నించే పెద్దరికం నీకెవురిచ్చినారు?"

బయ్యమ్మ ఖాళీ క్యాన్లు కొత్త సైకిలుకు కట్టుకుంది. కాలు పెడలు మీద పెట్టాక గోవిందప్ప వైపు తిరిగింది.

"ఆ పాత సైకిలు ఈడ ఇడ్సిపెట్టొద్దు. నువ్వు తోసుకొని రా. పైకి నాలుగు మైళ్ళుండాది, ఆలోచించుకుంటా రావచ్చు."

గేరు మార్చి, గాడిదమెట్ల వైపు తొక్కింది.